తమిళ పేటను వీధి వీధిగా కాపాడండి: పుదుచ్చేరి ముఖ్యమంత్రి గారికి ఒక యానాం పౌరుడి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ముఖ్యమంత్రి గారికి,



నాది యానాం. మా గోదావరి ఒడ్డుకూ మీ సచివాలయానికీ మధ్య ఎనిమిది వందల కిలోమీటర్ల దూరం ఉంది. అయినా మా ఓటు మీ శాసనసభకే, మా పన్ను మీ ఖజానాకే. పుదుచ్చేరి మాకు రాజధాని. ఆ రాజధానిలోని ఒక పాత పేట గురించి, నాకు వచ్చిన తెలుగులో, నలుగురూ చదివేలా మీకు ఈ లేఖ రాస్తున్నాను. నా కోరిక ఒక్కటే: ఊరిని రెండుగా విడదీసే కాలువకు పడమటనున్న తమిళ పేటలో మిగిలిన పాత ఇళ్లను ఒక్కొక్కటిగా లెక్కగట్టడం మాని, వీధి వీధిగా కాపాడండి.

పుదుచ్చేరి అనగానే దేశమంతటికీ గుర్తొచ్చేది కాలువకు తూర్పున, సముద్రం వైపున్న వైట్ టౌన్. పసుపు, తెలుపు రంగుల ఎత్తయిన ప్రహరీలు, వాటి మీంచి వీధిలోకి వాలిన కాగితంపూల తీగలు, కమాను గుమ్మాలు, నిలువెత్తు రెక్కల కిటికీలు. మా యానాం నుంచి జిప్మర్‌లో చూపించుకోవడానికో, ఆఫీసులో ఫైలు కదిలించుకోవడానికో వచ్చినవాళ్లు కూడా పని కాగానే అటే నడుస్తారు, ఫొటోలు దిగుతారు. ఆ పేట అందాన్ని నేను తక్కువ చేయను. దాన్ని కాపాడుకోవాలనే స్పృహ అందరిలోనూ కలిగినందుకు సంతోషిస్తాను. నా దిగులంతా కాలువకు ఇవతలి ఇళ్ల గురించే. అవి కూలుతున్నప్పుడు ఫొటోలు తీసేవాళ్లు కూడా ఉండటం లేదు.

ఈ రెండు పేటలకూ పునాది ఒక్కటే. 1674లో ఫ్రాన్స్వా మార్తాన్ ఇక్కడ ఫ్రెంచి స్థావరాన్ని నిలబెట్టాడు. 1693లో డచ్చివారు ఊరిని పట్టుకుని 1699 దాకా తమ చేతిలో ఉంచుకున్నారు. నిలువు వీధులు, అడ్డ వీధులు తిన్నగా ఒకదాన్నొకటి కోసుకునేలా ఊరికి నక్షా గీసింది ఆ కొద్ది ఏళ్లలోనే. ఫ్రెంచివారు తిరిగి వచ్చాక ఆ నక్షాను మార్చలేదు, దాని మీదే ఊరిని పెంచారు. 1761 జనవరిలో ఇంగ్లిషు సేనాని ఐర్ కూట్ ముట్టడికి పుదుచ్చేరి లొంగిపోయింది. ఇంగ్లిషువారు కోటనూ, తెల్లవారి పేటలోని భవనాలనూ నేలమట్టం చేశారు. ప్యారిస్ ఒప్పందం ప్రకారం 1765లో ఊరు మళ్లీ ఫ్రెంచివారికి దక్కింది. గవర్నరుగా వచ్చిన ఝాఁ లా పాత వీధుల వరుసలోనే ఊరిని తిరిగి కట్టించాడు. అంటే ఈనాడు మనం మురిసిపోతున్న వైట్ టౌన్ దాదాపు అంతా ఆ తర్వాత లేచిందే. దాన్ని తిరిగి నిలబెట్టిన మేస్త్రీలు, వడ్రంగులు, సున్నం గానుగలు తిప్పినవాళ్లు ఈ దేశపు వాళ్లే. ఆ ఇళ్లకు చేతులిచ్చిన జనం కాపురాలు చేసిన పేట ఇవతలిది.

ఫ్రెంచివారు దీన్ని నల్ల పట్నం అన్నారు. ఆ పేరులోని అవమానాన్ని దాచాల్సిన పని లేదు. కాలువ గీసింది నీళ్లు పారడానికే కాదు, మనుషుల్ని వేరు చేయడానికి కూడా. ఇవతలి పేటలోనూ వీధులు కులాల వారీగా, మతాల వారీగా పడ్డాయి. వైశ్యుల వీధి ఒకటి, వెళ్లాలుల వీధి ఒకటి, యాదవుల వీధి ఇంకొకటి. దక్షిణాన ముస్లింల వీధులు, కెథడ్రల్ చుట్టుపక్కల క్రైస్తవుల ఇళ్లు. 1748లో గవర్నరు డూప్లే కాలంలో ఇక్కడి పాత వేదపురీశ్వరాలయాన్ని పడగొట్టారు. ఆ రోజుల్లో ఊరు ఎంత కుమిలిందో ఆనందరంగ పిళ్లై తన దినచర్యలో రాసిపెట్టాడు. ఈ చరిత్రంతా తీపి కాదు. అయినా ఆ చేదు తెలియాలన్నా ఆ వీధులు కళ్ల ముందు ఉండాలి. వాటిని తుడిచేస్తే మిగిలేది పోస్టర్ మీది పసుపు గోడ ఒక్కటే.

ఆనందరంగ పిళ్లై పేరు వచ్చింది కాబట్టి, మా తెలుగువాళ్లకు ఆయన దగ్గరివాడని కూడా చెప్పుకోవాలి. డూప్లేకు దుబాసీగా ఉన్న ఈ వర్తకుడు 1736 నుంచి 1761లో చనిపోయేదాకా తమిళంలో రాసిన దినచర్య దక్షిణ భారత చరిత్రకు పెద్ద ఆధారం. ఆయన తెలుగు కవులనూ ఆదరించాడు. కస్తూరి రంగకవి తన ఛందోగ్రంథానికి ఆయన పేరే పెట్టి, 'ఆనందరంగరాట్ఛందము'గా ఆయనకు అంకితమిచ్చాడు. రంగపిళ్లై వీధిలోని ఆయన ఇల్లు ఈ పేట వాస్తు మొత్తానికీ ఒక పాఠం. కింది అంతస్తులో చెక్కిన కర్ర స్తంభాలు, నడుమ ఆకాశానికి తెరిచిన మండువా, అంటే పక్కా తమిళ ఇల్లు. పై అంతస్తుకు వెళ్తే తెల్లటి సున్నపు స్తంభాలు, ఫ్రెంచి తరహా వరుస. ఒకే ఇంట్లో ఒకదాని మీద ఒకటిగా రెండు సంప్రదాయాలు కాపురం చేశాయి. ఊరి పాలకులు కాలువ గీసి విడదీసినవాటిని ఇంటి మేస్త్రీ ఒకే పునాది మీద కలిపాడు.

తెలుగువాళ్ల గుర్తు ఇంకొకటీ ఉంది: మహాత్మా గాంధీ రోడ్డులో తెలుగు వైశ్యుల కులదేవత కన్యకాపరమేశ్వరి గుడి ఉంది. బయటి నుంచి వచ్చిన పెద్దలకూ ఈ పేటే నీడ. 1910లో అరవిందులు కలకత్తా విడిచి ఇక్కడికి వచ్చినప్పుడు మొదటి నెలలు తలదాచుకున్నది తమిళ పేటలోని శంకర చెట్టి మేడలోనే. తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి 1908 నుంచి పదేళ్లు ఈ వీధుల్లోనే బతికాడు, రాశాడు. ఈశ్వరన్ ధర్మరాజా కోవిల్ వీధిలో ఆయన ఉన్న ఇల్లు, పెరుమాళ్ కోవిల్ వీధిలో భారతీదాసన్ ఇల్లు ఇప్పుడు స్మారక మందిరాలు. దేశం గౌరవించే పెద్దలకు ఆశ్రయమిచ్చింది ఈ అరుగులే, ఈ మిద్దెలే.

అయ్యా, ఇక తమిళ ఇంటి సంగతి కాస్త దగ్గరగా చెప్పనివ్వండి. నా కోరికకు కారణం అందులోనే ఉంది.

ఫ్రెంచి ఇల్లు వీధికి వీపు పెట్టి లోపలి తోటను చూస్తుంది. తమిళ ఇల్లు వీధికి ఎదురొచ్చి నిలబడుతుంది. ముందు తాళ్వారం: వీధి పక్కన కర్ర స్తంభాల మీద వాలుగా దింపిన పెంకుల పంచ. అది ఇంటివాళ్లది కాదు, దారిన పోయేవాళ్లది. ఎండలో నడిచేవాడికి నీడ, వానలో తడిసేవాడికి చూరు. దాని వెనక తిణ్ణై, మన మాటల్లో అరుగు. నునుపు చేసిన గచ్చు, ఒకవైపు తలగడలా కాస్త ఎత్తు చేసిన వాలు. పల్లె నుంచి వచ్చిన చుట్టం, బట్టల మూట దించుకున్న వర్తకుడు, సాయంత్రం చల్లగాలికి కూర్చున్న ముసలమ్మ, అందరికీ అదే చోటు. ఆ తర్వాత చెక్కుడు పని చేసిన ద్వారబంధం, సన్నటి నడవ, అది దాటితే మండువా. దాని నాలుగు వైపులా స్తంభాల వసారా, వసారా వెంట గదులు, అవతల వంటిల్లు, పెరడు. లోపలి వేడి గాలి మండువాలోంచి పైకి పోతుంటే వీధిలోంచీ పెరట్లోంచీ కొత్త గాలి లోపలికి వస్తుంది. ఈ తీర ప్రాంతపు ఉక్కలో ఫ్యాను తిరగని కాలంలోనూ అక్కడ మనుషులు నిద్రపోయారు.

తల ఎత్తి కప్పు చూడండి. దగ్గర దగ్గరగా పరిచిన టేకు దూలాలు. వాటి మీద పల్చటి ఇటుకలను పడుకోబెట్టకుండా అంచు మీద నిలిపి, ఏటవాలు వరుసల్లో గానుగ సున్నంతో బిగిస్తారు. దాని మీద ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి రోజుల తరబడి దిమ్మిస కొడతారు. పైన బల్లపరుపు పెంకు పరుస్తారు. మద్రాసు టెర్రేస్ అని పిలిచే ఈ కప్పులో ఇనుము లేదు, సిమెంటు లేదు. కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపిన సున్నం తడిని పీల్చుకుని మళ్లీ వదిలేస్తుంది. గోడకు ఊపిరి ఉంటుందని మేస్త్రీలు అనేది అందుకే. ఈ సంగతి తెలియకనో, సున్నం మేస్త్రీ దొరకకనో గోడలకు సిమెంటు పూత పూస్తారు. లోపలి తడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. నాలుగైదు వానాకాలాలు గడిచేసరికి పూత ఉబ్బి రాలుతుంది, గోడలోని ఇటుక పిండి అవుతుంది, గోడలో దిగిన దూలం కొస కుళ్లుతుంది. అప్పుడు ఇల్లు పాతబడిందని, ప్రమాదమని, పడగొట్టాలని అంటారు. చాలా ఇళ్లకు చావు ముసలితనం వల్ల రాలేదు, తప్పు వైద్యం వల్ల వచ్చింది.

ఇప్పుడు నా అసలు మాట. ఈ ఇళ్లు విడివిడిగా ఉండవు. ఒక ఇంటి గోడ పక్కింటి గోడ కూడా. ఒక ఇంటి తాళ్వారం పక్కింటి తాళ్వారాన్ని అందుకుంటుంది. చూరు నీటిది ఒకే వాలు, నీడది ఒకే గీత. వరుసలో ఒక ఇంటిని పొక్లెయిన్‌తో కూల్చితే ఉమ్మడి గోడ అదిరి పక్కిల్లు బీటలు వారుతుంది. ఆ స్థలంలో నాలుగంతస్తులు లేస్తే పక్కింటి మండువాలోకి వెలుతురు తగ్గుతుంది, గాలి ఆగుతుంది. కింద కార్ల కోసం ఇల్లు వెనక్కి జరిగితే నీడ తెగుతుంది, అరుగుల వరుస విరుగుతుంది. మిగిలినవాళ్లకు కూడా అమ్ముకోవడమే మేలనిపిస్తుంది. వారసత్వ జాబితాలో ఒక ఇంటి పేరు రాసి, పక్కింటిని వదిలేస్తే, రాసిన ఇల్లు కూడా నిలవదు. అందుకే ఇక్కడ వారసత్వ కట్టడం అంటే ఇల్లు కాదు, వీధి.

ఇది నా ఊహ కాదు. మీ ఊళ్లోనే చేసి చూపించారు. యూరోపియన్ యూనియన్ ఆసియా ఉర్బ్స్ పథకం కింద, ఇటలీలోని ఉర్బినో, ఫ్రాన్స్‌లోని విల్‌నవ్ సుర్ లో పట్టణాలతో కలిసి, వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ ఆధ్వర్యంలో వైశ్యుల వీధిని బాగు చేశారు. ఇళ్ల యజమానులను కలుపుకుని ముఖద్వారాలు, అరుగులు, తాళ్వారాలు వరుసగా నిలబెట్టారు. ఎప్పుడో తీసేసిన తాళ్వారాలు తిరిగి లేచాయి. 2008లో ఆ పనికి యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది. ఆ వీధిలో నడిస్తే తమిళ పేట ఒకప్పుడు ఎలా ఉండేదో ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. నా బాధల్లా, అది మొదటి వీధి కావాల్సింది పోయి, చూపించుకునే ఒకే ఒక్క వీధిగా మిగిలిపోవడం.

ఇంకో పాఠం మనకు ఖరీదుగా దొరికింది. పందొమ్మిదో శతాబ్దంలో బీచ్ రోడ్డు మీద కట్టిన మేరీ భవనం, అంటే పాత టౌన్ హాలు, 2014 నవంబరు వానల్లో కుప్పకూలింది. ప్రపంచ బ్యాంకు నిధులతో దాన్ని పాత రూపంలో తిరిగి కట్టారు, 2021లో ప్రారంభించారు. మంచి పనే. కానీ అది ప్రభుత్వ భవనం కాబట్టి తిరిగి లేచింది. పెరుమాళ్ కోవిల్ వీధిలో ఒక విధవరాలి ఇంటి కప్పు పడిపోతే ఏ ప్రపంచ బ్యాంకూ రాదు. 2011లో థానే తుపాను, 2024లో ఫెంజల్ తుపాను ఈ ఊరిని ఎలా ముంచాయో మీరు చూశారు. ఈశాన్య రుతుపవనాలు ఏటా వస్తాయి. కూలిన తర్వాత నకలు కట్టే ఖర్చులో చిన్న వంతు ముందే కప్పు బాగుకు పెడితే అసలుదే మిగులుతుంది.

ఇంటి యజమాని వైపు నుంచి కూడా నేను మాట్లాడాలి. తాత కట్టిన ఇంటికి ఇప్పుడు పదిమంది వారసులు. ఇద్దరు ఫ్రాన్స్‌లో, ఒకరు చెన్నైలో, ఇంట్లో ఉన్నది వయసు మళ్లిన ఒక్క అన్నగారు. టేకు ధర, సున్నం మేస్త్రీ కూలీ ఆయన పింఛనుకు అందవు. బిల్డరు చెప్పే ధర వింటే చేసిన అప్పులన్నీ తీరతాయి. ఆయన చేయి పట్టుకుని అమ్మొద్దు, ఇది వారసత్వం అని చెప్పడం తేలిక. ఆ భారమంతా ఆయనొక్కడి నెత్తినే పెట్టడం అన్యాయం. వీధి నీడ అందరిదీ అయినప్పుడు దాని ఖర్చులోనూ అందరికీ వాటా ఉండాలి. ఆయనకు దారి చూపకుండా నిషేధం మాత్రమే పెడితే, కప్పు దానంతటదే కూలేదాకా ఆయన ఎదురుచూస్తాడు. అందులో ఆయన తప్పు లేదు.

కాబట్టి మీ ముందు ఉంచుతున్న కోరికలు ఇవి.

మొదటిది, తాళ్వారాలూ అరుగులూ ఇంకా వరుసగా మిగిలి ఉన్న వీధి భాగాలను గుర్తించి, ఆ భాగం మొత్తాన్ని రక్షిత వీధిగా ప్రకటించండి. పాత ఇల్లు ఉన్నచోట దాని ముఖభాగం, మండువా నిలవాలి. ఖాళీ స్థలంలో కొత్త ఇల్లు కట్టినా ఎత్తు, వీధి గీత, తాళ్వారం పక్కింటిని అనుసరించాలి. లోపల ఆధునిక వంటిల్లు, మరుగుదొడ్డి, లిఫ్టు, ఏం కావాలన్నా అడ్డు చెప్పకండి.

రెండోది, యజమానికి నష్టపరిహారం. పై అంతస్తులు వేసుకునే హక్కు వదులుకున్నవాడికి ఆ హక్కును ఊరి కొత్త పేటల్లో వాడుకునేలా, లేదా అమ్ముకునేలా బదిలీ పత్రం ఇవ్వండి. ముంబయిలో వారసత్వ భవనాల యజమానులకు ఈ వెసులుబాటు ఉంది. మా పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో రోడ్ల విస్తరణలో స్థలం పోయినవాళ్లకు ఇలాంటి బదిలీ పత్రాలనే టీడీఆర్ బాండ్ల పేరుతో ఇస్తున్నారు. ఆ బాండ్లలో అక్రమాలూ బయటపడ్డాయి కాబట్టి, ఎవరికి ఎంత ఇచ్చారో అందరికీ కనిపించేలా పెట్టండి. దీనికి తోడు ఆ ఇళ్లకు ఇంటి పన్ను మినహాయించండి.

మూడోది, కప్పుల నిధి. ఈ ఊరి అందాన్ని చూపించి హోటళ్లు సంపాదిస్తున్నాయి. ఆ ఆదాయం నుంచి వచ్చే పన్నులో ఒక వంతు తీసి, వానాకాలానికి ముందే కప్పు బాగు చేసుకునే పాత ఇళ్లవాళ్లకు సాయంగా ఇవ్వండి. ఇంట్లో కాపురం ఉంటున్నవాళ్లకు మొదటి హక్కు ఉండాలి. పాత ఇళ్లన్నీ హోటళ్లయిపోతే గోడలు మిగులుతాయేమో కానీ పేట మిగలదు. అరుగు మీద కూర్చునేవాళ్లు లేని వీధిని కాపాడామని చెప్పుకోలేం.

నాలుగోది, చేతులు. గానుగ సున్నం పని, టేకు దూలం అతుకు, మద్రాసు టెర్రేస్ వేయడం తెలిసిన పెద్ద మేస్త్రీలు తగ్గిపోతున్నారు. ప్రభుత్వ ఐటీఐల్లో దీన్ని ఒక కోర్సుగా పెట్టి, ఆ మేస్త్రీలనే గురువులుగా పిలవండి. నేర్చుకున్న కుర్రాళ్లకు ఈ వీధుల్లోనే పదేళ్లకు సరిపడా పని ఉంది. మా యానాం కుర్రాళ్లూ వచ్చి నేర్చుకుంటారు. ఎందుకంటే మా ఊళ్లోనూ పాత మండువా ఇళ్లు ఒక్కొక్కటే రాలిపోయాయి. మిగిలిన కొన్నింటినైనా నిలబెట్టడానికి ఆ చేతులు మాకూ కావాలి.

జనం పెరుగుతుంటే ఊరు పెరగొద్దా అని అడిగేవాళ్లుంటారు. పెరగాలి. పుదుచ్చేరికి పడమట, ఉత్తరాన పెరిగే చోటు చాలా ఉంది. పాత పట్నం మొత్తం ఒక పూటలో చుట్టిరాగలిగినంత చిన్నది, దానిలో తమిళ వీధుల వరుస మిగిలిన భాగం ఇంకా చిన్నది. దాన్ని కూల్చినంత మాత్రాన ఊరి ఇళ్ల కొరత తీరదు. పైగా ఎండలు ఏటేటా ముదురుతున్న ఈ రోజుల్లో నీడ వీధి, ఉమ్మడి గోడ, గాలి ఆడే మండువా పాత ముచ్చట్లు కావు. కొత్తగా కట్టే కాలనీల నక్షాలు గీసేవాళ్లు వచ్చి చూసి నేర్చుకోవాల్సిన పాఠాలు.

2017లో పుదుచ్చేరి స్మార్ట్ సిటీల జాబితాలో చేరింది. ఆ పేరుకు తగ్గ తెలివి ఇక్కడ చూపించవచ్చు. దీనికి కొత్త కమిటీ అక్కర్లేదు, వైశ్యుల వీధి అనుభవం ఉన్నవాళ్లు మీ ఊళ్లోనే ఉన్నారు. వచ్చే ఈశాన్య రుతుపవనాల లోపు రెండో వీధిని ఎంచుకోండి. ఆ వీధివాళ్లను ఒక సాయంత్రం పిలిచి, వాళ్ల అరుగుల మీదే కూర్చోబెట్టి, ఏ కప్పు కారుతోందో, ఎవరికి ఎంత సాయం కావాలో మీ అధికారుల చేత రాయించండి. ఆ జాబితాను బడ్జెట్‌లో పెట్టండి. ఓటరుగా, పన్ను కట్టేవాడిగా, ఈ రాజధాని నాది కూడా అనుకునేవాడిగా నేను అడిగేది ఇంతే. ఆ రెండో వీధి పేరు మీరు ఎప్పుడు ప్రకటిస్తారో చెప్పండి.

ఇట్లు,
మీ నియోజకుల్లో ఒకడు,
యానాం